కోకా సుబ్బారావు తీర్పులపై తెగని తగవు

1956 నవంబరు 1న తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లా నుంచి విడివడి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పెద్దేముల్ వైపు కంది చేల గట్టు తగాదాలైనా, తాండూరు నాపరాతి గనుల పేచీలైనా అప్పటి నుంచి కొత్త రాష్ట్రపు హైకోర్టు పరిధిలోకి వచ్చాయి. ఆ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. పదిహేను నెలలు తిరగకుండానే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లిపోయారు. అక్కడ తొమ్మిదేళ్లకు ఆయన చదివిన గోలక్‌నాథ్ తీర్పు దేశంలో ప్రతి భూసంస్కరణ చట్టం చుట్టూ కొత్త ప్రశ్నలు లేపింది. ఆ తీర్పును 1973లో సుప్రీంకోర్టే పక్కన పెట్టింది. అయినా ఆయన మీద చర్చ ఆగలేదు. 2017లో గోప్యత హక్కు వచ్చినప్పుడు ఆయన పేరు మళ్లీ వినిపించింది. ప్రైవేటు ఆస్తి ఎంతవరకు సమాజానిది అన్న ప్రశ్నను 2024లో తొమ్మిది మంది న్యాయమూర్తులు విన్నప్పుడు, అరవై ఏళ్ల నాటి ఆ వాదం మళ్లీ తెరమీదికొచ్చింది.

ఈ అరవై ఏళ్లలో సుబ్బారావు మీద వెలువడిన అభిప్రాయాలు ఒకదానికొకటి పొసగవు. పౌరహక్కులకు పెద్ద దిక్కు అన్నవాళ్లున్నారు, భూస్వాముల పక్షపాతి అన్నవాళ్లున్నారు, న్యాయపీఠాన్ని రాజకీయానికి మెట్టు చేసుకున్నారన్నవాళ్లూ ఉన్నారు. ఎవరి దగ్గర ఉన్న ఆధారం వారిది. చిక్కేమిటంటే ఒక్కో పక్షం తనకు కావలసిన రెండు మూడు తీర్పులనే చేతిలో పట్టుకుని మాట్లాడుతుంది.

రాజమండ్రి నుంచి ఢిల్లీ దాకా

సుబ్బారావు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. చదువు మొదట రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలలో, తర్వాత మద్రాసు లా కళాశాలలో సాగింది. కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి మద్రాసులో ప్రాక్టీసుకు దిగారు. బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి కేసులు నడిపారు. ఆ రాజమన్నారే తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద తమిళనాడు ప్రభుత్వం వేసిన సంఘానికి అధ్యక్షుడిగా దేశమంతా ఆయన్ను గుర్తుపెట్టుకుంది. అధికారం ఒకచోట పోగుపడితే ప్రమాదమన్న ఆలోచన ఈ బావాబావమరుదులిద్దరిలోనూ కనిపిస్తుంది.

1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన సుబ్బారావుకు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కొత్త హైకోర్టును నిలబెట్టే బాధ్యత అప్పగించారు. 1954 జులైలో గుంటూరులో ఆ హైకోర్టు మొదలైంది. 1956లో అది హైదరాబాదుకు, మూసీ ఒడ్డున ఉన్న పాత హైకోర్టు భవనానికి తరలింది. మద్రాసు న్యాయ సంప్రదాయం, నిజాం కాలపు ఉర్దూ న్యాయ సంప్రదాయం ఒకే కప్పు కింద కలిసిన సందర్భమది. రెండు రకాల భూచట్టాలు, రెండు రకాల రికార్డులు, రెండు రకాల వకీళ్లు. ఆ కలయికను మొదట నడిపించింది ఆయనే.

1958 జనవరి 31న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేరారు. 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేశారు. అరవై అయిదేళ్లు నిండి పదవీ విరమణ చేయడానికి అప్పటికి ఇంకా మూడు నెలలుంది. అత్యున్నత పీఠం మీద ఉన్నది పది నెలలకన్నా తక్కువే అయినా, ఆయన మీద నడుస్తున్న వాదోపవాదాల్లో సగానికి పైగా ఆ పది నెలల చుట్టూనే తిరుగుతాయి.

భూమి తగవు ఎక్కడ మొదలైంది

గోలక్‌నాథ్ తీర్పును అర్థం చేసుకోవాలంటే 1951కి వెళ్లాలి. జమీందారీల రద్దు చట్టాలు కోర్టుల్లో చిక్కుకుంటున్నాయని మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చారు. దానితో పుట్టినదే తొమ్మిదో షెడ్యూలు. అందులో చేర్చిన చట్టం ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉందని కోర్టు కొట్టేయడానికి వీల్లేదు. మొదట చేర్చిన చట్టాలు 13. వాటిలో రెండు హైదరాబాదు జాగీర్ల రద్దు, పరిహారాలకు చెందినవి. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టమూ ఆ పదమూడింటిలో ఉంది. అంటే అటు కోస్తా జమీందారీ రైతుకూ ఇటు తెలంగాణ జాగీరు రైతుకూ ఈ షెడ్యూలు తొలినాటి నుంచే సంబంధించినది. వికారాబాదుకు ఆ పేరు వచ్చింది పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా వల్ల. జాగీర్ల రద్దు ఈ ప్రాంతానికి ఎంత దగ్గరి విషయమో ఊరి పేరే చెబుతుంది.

ఆ సవరణ చెల్లుతుందని 1951లో శంకరీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1964లో పదిహేడో సవరణ మరో 44 చట్టాలను షెడ్యూలులో చేర్చింది. వాటిలో 1961 నాటి ఆంధ్రప్రదేశ్ భూగరిష్ఠ పరిమితి చట్టం కూడా ఉంది. ఈ సవరణను సజ్జన్ సింగ్ కేసులో సవాలు చేస్తే కోర్టు మళ్లీ ప్రభుత్వం వైపే మొగ్గింది. కానీ ఆ ధర్మాసనంలో హిదయతుల్లా, ముధోల్కర్ ఇద్దరూ అనుమానాలు రాసి పెట్టారు. ప్రాథమిక హక్కులు పార్లమెంటు ఎప్పుడు పడితే అప్పుడు దిద్దుకునేవా అన్నది వారి సందేహం. ఆ ధర్మాసనంలో సుబ్బారావు లేరు. మూడేళ్లలో ఆ సందేహం ఆయన చేతిలో తీర్పుగా మారింది.

గోలక్‌నాథ్ తీర్పు లోపల

పంజాబులోని జలంధరు దగ్గర గోలక్‌నాథ్ కుటుంబానికి అయిదు వందల ఎకరాలకు పైగా భూమి ఉండేది. 1953 నాటి పంజాబు చట్టం ప్రకారం ఒక్కొక్కరు 30 స్టాండర్డ్ ఎకరాలు మాత్రమే ఉంచుకోవచ్చు. 1962లో ఫైనాన్షియల్ కమిషనర్ లెక్క తేల్చి, 418 స్టాండర్డ్ ఎకరాలకు పైగా మిగులని ప్రకటించారు. కుటుంబం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1967 ఫిబ్రవరి 27న తీర్పు చెప్పింది. ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు.

ఆ ఆరుగురిలో అయిదుగురి తరఫున సుబ్బారావు రాశారు, హిదయతుల్లా విడిగా రాశారు. వాదం సూటిగానే ఉంది. ప్రాథమిక హక్కులను హరించే 'చట్టం' చెల్లదని రాజ్యాంగం 13వ అధికరణ చెబుతోంది. రాజ్యాంగ సవరణ కూడా ఒక చట్టమే. కాబట్టి ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ చెల్లదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. భూస్వాముల తీర్పు అని దీన్ని కొట్టిపారేసేవాళ్లు చాలామంది దాన్ని పట్టించుకోరు. ఈ సూత్రాన్ని పాత సవరణలకు కూడా వర్తింపజేస్తే, 1951 నుంచి జరిగిన భూసంస్కరణలన్నీ ఒక్క దెబ్బకు కూలిపోతాయి. అమెరికా న్యాయశాస్త్రంలో ఉన్న ఒక పద్ధతిని సుబ్బారావు ఇక్కడికి తెచ్చారు. ఈ సూత్రం ఇకముందుకే వర్తిస్తుందనీ, పాత సవరణల జోలికి వెళ్లదనీ ప్రకటించారు. ఫలితంగా సిద్ధాంతం గెలిచింది, గోలక్‌నాథ్ కుటుంబం ఓడింది. వారి పిటిషన్‌ను కొట్టివేశారు. మిగులుగా తేలిన భూమి మిగులుగానే ఉండిపోయింది. తన సిద్ధాంతం వల్ల అప్పటికే భూమి చేతికొచ్చిన కౌలుదారు రోడ్డున పడకూడదని ఈ న్యాయమూర్తి జాగ్రత్తపడ్డారు. ఆయన్ను భూస్వాముల మనిషిగా మాత్రమే చూపించే వాదానికి ఇది పెద్ద అడ్డంకి.

అయితే ముందు ముందు రాబోయే సంస్కరణలకు ఆయన తలుపు మూశారన్నదీ నిజమే. సీలింగు పరిమితులు అప్పటికి చాలాచోట్ల వదులుగా ఉన్నాయి. అసలు పని ఇంకా మిగిలే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గట్టి సీలింగు చట్టం వచ్చింది 1973లో. తరి భూమికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట భూమికి 35 నుంచి 54 ఎకరాలు పరిమితి పెట్టిన ఆ చట్టాన్ని ముప్పై నాలుగో సవరణ ద్వారా తొమ్మిదో షెడ్యూలులో చేర్చారు. గోలక్‌నాథ్ తీర్పే నిలిచి ఉంటే ఆ చేర్పుకు బలం ఉండేది కాదు.

మూడు వాదాలు

తీర్పు వచ్చిన నెలన్నరకే పార్లమెంటు సభ్యుడు నాథ్ పాయ్, పార్లమెంటు సవరణాధికారాన్ని తిరిగి నిలబెట్టాలని ప్రైవేటు బిల్లు పెట్టారు. అప్పటి నుంచి సాగుతున్న చర్చలో మూడు ధోరణులు తేలాయి.

మొదటిది పార్లమెంటు పక్షం. ప్రజలు ఎన్నుకున్న సభకు రాజ్యాంగాన్ని మార్చే అధికారం లేదంటే, ఒక తరం రాసినది అన్ని తరాల మీదా శిలాశాసనమవుతుందని వీరి వాదం. వీరిలో రెండు పాయలున్నాయి. రాజకీయంగా మాట్లాడేవాళ్లు భూసంస్కరణలను ముందు పెట్టారు. హెచ్.ఎం. సీర్వాయి వంటి న్యాయకోవిదులు మాత్రం సుబ్బారావు తర్కాన్నే తప్పుపట్టారు. సవరణాధికారం వేరు, మామూలు శాసనాధికారం వేరు, రెంటినీ 'చట్టం' అన్న ఒక్క మాటలో కలపడం కుదరదన్నారు. నా అంచనాలో ఈ రెండో పాయదే బలం. 13వ అధికరణ మీద సుబ్బారావు నిర్మించిన తర్కం నిలవలేదు. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది.

రెండోది రాజ్యాంగ రక్షణ పక్షం. తర్కం తప్పయినా భయం నిజమని వీరంటారు. గోలక్‌నాథ్ లేకుండా కేశవానంద లేదు. పార్లమెంటు ఏ సవరణ అయినా చేయవచ్చు కానీ రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని చెరపకూడదని కేశవానంద చెప్పింది. ఆ ఆలోచన గింజలు గోలక్‌నాథ్ వాదనల్లోనే పడ్డాయి. జర్మన్ పండితుడు డీట్రిష్ కాన్రాడ్ 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం సారాన్ని న్యాయవాది ఎం.కె. నంబియార్ ఆ కేసులో కోర్టు ముందు పెట్టారు. సుబ్బారావు దాన్ని పూర్తిగా తీసుకోలేదు. అయినా పార్లమెంటు అధికారానికి హద్దు ఉంటుందన్న మాట సుప్రీంకోర్టు నోట మొదటిసారి తీర్పుగా వచ్చింది అప్పుడే. ఎమర్జెన్సీ అనుభవం తర్వాత ఈ పక్షానికి బలం బాగా పెరిగింది.

మూడోది సామాజిక న్యాయ పక్షం. హద్దు ఉండాలన్న మాటను వీరు కాదనరు. ఆస్తి విషయంలో మాత్రం సుబ్బారావు చూపు ఒంటికన్నుదని అంటారు. 1964లో వజ్రవేలు ముదలియార్ కేసులో ప్రభుత్వం భూమి తీసుకుంటే దాని విలువకు సరితూగే పరిహారం ఇవ్వాల్సిందేనని ఆయన రాశారు. 1966లో మెటల్ కార్పొరేషన్ కేసులో అదే గీతను ఇంకా ముందుకు లాగారు. పేదలకు భూమి పంచాలన్న ప్రభుత్వం మార్కెట్ ధర ఎక్కడి నుంచి తెస్తుంది? మూడేళ్లకే శాంతిలాల్ మంగళదాస్ కేసులో సుప్రీంకోర్టు మెటల్ కార్పొరేషన్ తీర్పును తప్పుపట్టింది. ఈ పక్షం అడిగే ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే దీనికి జవాబు కూడా ఈ మధ్యే మన వికారాబాదు జిల్లా నుంచే వచ్చింది. దాన్ని చివర్లో చూద్దాం.

ముగ్గురు తెలుగు న్యాయమూర్తులు

ఆస్తి, రాజ్యాంగం అన్న ఈ పెద్ద చర్చలో మూడు ప్రధాన దారుల్లోనూ తెలుగు న్యాయమూర్తులు కనిపించడం గమనించదగ్గ సంగతి. కోస్తా నుంచి సుబ్బారావు, హైదరాబాదు నుంచి పింగళి జగన్మోహన్ రెడ్డి, రాయలసీమలోని గుత్తి నుంచి ఒ. చిన్నపరెడ్డి.

జగన్మోహన్ రెడ్డి 1910లో పుట్టారు. 1952లో హైదరాబాదు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు, 1966 నుంచి 1969 దాకా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేశవానంద కేసులో గెలిచిన ఏడుగురిలో ఆయనొకరు. ఆయన దారి మధ్యస్థం. పార్లమెంటు ప్రాథమిక హక్కులను సవరించవచ్చు కానీ వాటి ప్రాణాన్ని తీయకూడదు. సుబ్బారావు గీసిన గీత చెరిగిపోయిన చోట ఈ గీత నిలిచింది, నేటికీ నిలిచే ఉంది.

చిన్నపరెడ్డి దారి వేరు. 1978 నుంచి 1987 దాకా ఆయన సుప్రీంకోర్టులో ఉన్నారు. 1982లో సంజీవ్ కోక్ కేసులో కోక్ తయారీ కర్మాగారాల జాతీయకరణను సమర్థిస్తూ, సమాజపు భౌతిక వనరుల్లో ప్రైవేటు ఆస్తి కూడా వస్తుందని రాశారు. దానికి మూలం అయిదేళ్ల ముందు రంగనాథరెడ్డి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన మాటలు. 2024 నవంబరు 5న ప్రాపర్టీ ఓనర్స్ అసోసియేషన్ కేసులో తొమ్మిది మంది ధర్మాసనం ఈ గీతను సరిదిద్దింది. ప్రైవేటు ఆస్తి అంతా సమాజపు వనరు అయిపోదని అధిక సంఖ్యాక తీర్పు చెప్పింది. జస్టిస్ ధూలియా విభేదించారు. పాత న్యాయమూర్తుల ఆర్థిక చూపును నేటి కళ్లతో తప్పుపట్టడం తగదని జస్టిస్ నాగరత్న విడిగా రాశారు. ఆమె చేసిన ఆ హెచ్చరిక సుబ్బారావుకూ వర్తిస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే ముగ్గురి తేడా ఇది. రాజ్యం చేతిలో అధికారం పెరగడాన్నే సుబ్బారావు ప్రమాదంగా చూశారు. జగన్మోహన్ రెడ్డి ఆ అధికారం హద్దు దాటే చోటును వెతికారు. సంపద కొందరి చేతుల్లో పోగుపడటమే చిన్నపరెడ్డికి అసలు ప్రమాదం. 1973లో సుబ్బారావు ఓడారు, 2024లో చిన్నపరెడ్డి ఓడారు. జగన్మోహన్ రెడ్డి నిలిచారు.

పక్కన పడిన తీర్పులు

సుబ్బారావును గోలక్‌నాథ్‌కే కుదించినవాళ్లు ఆయన అసమ్మతి తీర్పులను మరిచిపోతున్నారు. నిజానికి కాలం ఎక్కువగా ఒప్పుకున్నది వాటినే.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఒక దోపిడీ కేసులో అనుమానించి, ఆధారాలు లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు చౌకీదారు, పోలీసులు వచ్చి తలుపు బాదేవాళ్లు, కేకలేసి నిద్రలేపేవాళ్లు. ఊరు దాటితే ఎక్కడికి వెళుతున్నాడో చెప్పాలి. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు అధిక సంఖ్యాక తీర్పు రాత్రి పూట ఇంటికి రావడాన్ని మాత్రమే కొట్టేసింది, గోప్యత అన్నది రాజ్యాంగంలో లేని హక్కు అంది. సుబ్బారావు, జె.సి. షా ఒప్పుకోలేదు. మనిషి కదలికల మీద ఎప్పుడూ ఒక కన్ను ఉంటే ఆ మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టే కాదని, సొంత జీవితంలోకి చొరబాటు లేకుండా ఉండటం స్వేచ్ఛలో భాగమని సుబ్బారావు రాశారు. మొత్తం నిబంధననే కొట్టేయాలన్నారు. దాదాపు 55 ఏళ్లకు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది ధర్మాసనం ఆయన చెప్పిందే సరైనదంది.

దేవదాసన్ కేసు 1963 నాటిది. భర్తీ కాని రిజర్వుడు పోస్టులను తర్వాతి ఏళ్లకు మోసుకెళ్లే నిబంధనను కోర్టు కొట్టేసింది. సుబ్బారావు ఒక్కరే ఎదురు నిలిచారు. గుర్రపు పందెం ఉదాహరణతో ఆయన తన మాట చెప్పారు. మేలుజాతి గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత నుంచి పరుగెత్తించి, రెంటికీ సమాన అవకాశం ఇచ్చామంటే అది సమానత్వం అవుతుందా అని అడిగారు. రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదు, సమానత్వం అమలయ్యే రీతి అది అన్నది ఆ తీర్పు సారం. 1975లో ఎన్.ఎం. థామస్ కేసులో ఈ మాటకు బలం వచ్చింది. 1992లో ఇందిరా సాహ్నీ కేసులో, మరో తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి రాసిన ప్రధాన తీర్పులో, అది స్థిరపడింది. సుబ్బారావు తెచ్చిన, ఇకముందుకు మాత్రమే వర్తించే తీర్పు అన్న పద్ధతిని కూడా అదే ఇందిరా సాహ్నీ తీర్పు వాడుకుంది. సామాజిక న్యాయ పక్షం తన ప్రత్యర్థుల జాబితాలో రాసుకున్న న్యాయమూర్తే ఆ పక్షానికి అతి పెద్ద ఆయుధాల్లో ఒకటి అందించారు. ఈ ఒక్క సంగతి చాలు, ఆ జాబితా మళ్లీ రాసుకోవడానికి.

ఇక పాస్‌పోర్టు. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశం వెళ్లడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా అధికారి ఇష్టం మీద పాస్‌పోర్టు ఆపకూడదనీ ముగ్గురు, ఇద్దరు తేడాతో తీర్పు చెప్పారు. తేదీ 1967 ఏప్రిల్ 10. ఆ ఏడాదే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేయాల్సి వచ్చింది. ఇవాళ తెలంగాణ, ఆంధ్ర పల్లెల నుంచి దుబాయి, డాలస్ వెళుతున్న ప్రతి మనిషి చేతిలోని నీలి పుస్తకం వెనుక ఆ తీర్పు ఉంది.

మర్నాటి రాజీనామా

ఆ తీర్పు ఇచ్చిన మర్నాడే ఆయన రాజీనామా చేశారు. ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. 1967 మే 6న జరిగిన ఎన్నికలో జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ రాగా సుబ్బారావుకు 3,63,971 వచ్చింది.

ఆయన్ను తీవ్రంగా విమర్శించడానికి ఇక్కడే కారణం దొరుకుతుంది. నా మాటా అదే. గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది ఫిబ్రవరి 27న. అప్పటికి సార్వత్రిక ఎన్నికలు ముగిసి వారం కూడా కాలేదు. చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ దెబ్బతింది. ప్రభుత్వానికి వ్యతిరేకంగా అంత పెద్ద తీర్పు రాసిన మనిషి, ఆరు వారాల్లో ప్రభుత్వ అభ్యర్థి మీద నిలబడటం ఆ తీర్పుకే మచ్చ తెచ్చింది. తీర్పు రాసేటప్పుడు ఆయన మనసులో పోటీ ఆలోచన ఉందనడానికి ఎలాంటి ఆధారమూ లేదు. కానీ న్యాయమూర్తి తీర్పును జనం నమ్మాలంటే అలాంటి ప్రశ్న అడిగే అవకాశమే ఇవ్వకూడదు. జడ్జీలు పదవీ విరమణ తర్వాత ప్రభుత్వం కింద పదవులు పట్టకూడదని 1958లోనే సేతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ తన 14వ నివేదికలో చెప్పింది. విరమణ తర్వాతే వద్దన్నప్పుడు, పీఠం మీద నుంచి నేరుగా దిగి పోటీకి వెళ్లడాన్ని సమర్థించడం కష్టం.

ఆయన్ను సమర్థించేవాళ్లు రెండు మాటలంటారు. రాష్ట్రపతి పదవి పార్టీలకు అతీతమైనది, అది మామూలు రాజకీయ పదవి కాదు. రెండోది, ఇలాంటి ఉదాహరణ ప్రపంచంలో ముందే ఉంది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ 1916లో రాజీనామా చేసి అధ్యక్ష పదవికి పోటీ చేసి, విల్సన్ చేతిలో కొద్దిలో ఓడిపోయారు. 1930లో అదే కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా తిరిగొచ్చారు. అమెరికా దాన్ని మన్నించింది. కానీ అక్కడ జరిగింది ఇక్కడ జరగాలన్న నియమం లేదు.

ఇంకో పోలిక మనకు బాగా దగ్గరిది. రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో పుట్టిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి 2025లో ప్రతిపక్షాల అభ్యర్థిగా ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. సెప్టెంబరు 9న సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, ఆయనకు 300 వచ్చాయి. 2011 జులైలో, మావోయిస్టుల మీదికి పౌరులకు ఆయుధాలివ్వడం చెల్లదంటూ సల్వా జుడుం తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఆయన ఉన్నారు. ప్రచారంలో ఆ పాత తీర్పును కేంద్ర హోం మంత్రి తప్పుపట్టారు. పీఠం దిగి పద్నాలుగేళ్లయినా తీర్పు వెంటాడుతుందని తేలింది. అయినా రెండు సందర్భాలూ ఒకటి కావు. పద్నాలుగేళ్లకూ ఒక్క రోజుకూ ఉన్న తేడా చిన్నది కాదు.

ఇంకా తేలనివి

తొమ్మిదో షెడ్యూలు సంగతి సగమే తేలింది. 1973 ఏప్రిల్ 24 తర్వాత అందులో చేర్చిన చట్టాలను మౌలిక స్వరూపం గీటురాయి మీద పరీక్షించవచ్చని 2007లో ఐ.ఆర్. కోయెల్హో కేసులో తేల్చారు. ఆ పరీక్షను ఎంత గట్టిగా చేయాలన్నది కేసు కేసుకూ మారుతోంది.

న్యాయమూర్తుల తర్వాతి పదవుల సంగతి అసలు తేలలేదు. విరమణ తర్వాత దేశంలో ఏ కోర్టులోనూ వాదించకూడదని రాజ్యాంగం సుప్రీంకోర్టు న్యాయమూర్తిని కట్టడి చేసింది. ఎన్నికల్లో నిలబడటం గురించి ఒక్క మాట లేదు. కనీసం రెండేళ్ల విరామం చట్టంలో రాయాలి. దానికి సుబ్బారావు ఉదాహరణ ఒక్కటే చాలినంత కారణం.

ఆస్తి హక్కు 1979 జూన్ 20 నుంచి ప్రాథమిక హక్కు కాదు, 300-ఎ అధికరణ కింద మామూలు రాజ్యాంగ హక్కు మాత్రమే. ఇక్కడే సుబ్బారావు చర్చ కొత్త మలుపు తిరిగింది. గోలక్‌నాథ్ కేసులో ఆస్తి హక్కు కోసం కోర్టుకెక్కినది వందల ఎకరాల కుటుంబం. ఇప్పుడు ఎక్కుతున్నది రెండు మూడెకరాల రైతు. 2020లో విద్యాదేవి కేసులో, రోడ్డు కోసం ప్రభుత్వం పరిహారం లేకుండా తీసుకున్న భూమికి ఎనభై ఏళ్ల వృద్ధురాలికి డబ్బు కట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 మే నెలలో కోల్‌కతా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో 300-ఎ లోపల నోటీసు, అభ్యంతరం వినడం, సరైన పరిహారం వంటి ఏడు హక్కులున్నాయని చెప్పింది. 2013 నాటి భూసేకరణ చట్టం పల్లెల్లో మార్కెట్ విలువను రెండింతల దాకా పెంచి, దానికి సమానంగా మరో మొత్తం కలిపి ఇవ్వమంది. వజ్రవేలు కేసులో సుబ్బారావు అడిగింది సరితూగే పరిహారమే. ఈ చట్టం అంతకన్నా ఎక్కువే ఇచ్చింది.

మన వికారాబాదు జిల్లాలోనే, దుద్యాల మండలం లగచర్లలో ఔషధ పరిశ్రమల కోసం భూసేకరణ తలపెట్టినప్పుడు 2024 నవంబరు 11న గొడవ అధికారుల మీద దాడి దాకా వెళ్లింది. ఆ దాడిని సమర్థించలేం. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఆ భూసేకరణ ప్రకటనను వెనక్కి తీసుకుంది. ఆ భూముల మీద బతుకుతున్నవాళ్లు సన్నకారు రైతులు, గిరిజనులు, ఒకప్పుడు ప్రభుత్వమే అసైన్ చేసిన పట్టాలున్నవాళ్లు. పెద్దేముల్, తాండూరు, యాలాల వైపు కంది పండించే రైతుకు కూడా పాసుపుస్తకంలోని రెండు మూడెకరాలే సర్వస్వం. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ నేల వల్లే. హైదరాబాదు కౌలుదారీ చట్టంలోని 38-ఇ సెక్షను కింద ధ్రువపత్రంతో భూమి దక్కిన రక్షిత కౌలుదారు వారసుడికి రాజ్యం నుంచి రక్షణ ఇవాళ అవసరం.

సుబ్బారావు తప్పు ఎక్కడుందో ఇక్కడ తేలిపోతుంది. ఆస్తికి రక్షణ కావాలనడం తప్పు కాదు. 418 ఎకరాల మిగులునూ మూడెకరాల బతుకునూ ఒకే 'ఆస్తి' అన్న మాట కింద పెట్టడం తప్పు. దేవదాసన్ కేసులో రెండు గుర్రాల తేడా అంత స్పష్టంగా చూసిన మనిషి, భూమి విషయంలో ఆ తేడా చూడలేదు. చూసి ఉంటే మన రాజ్యాంగ చరిత్ర వేరేగా నడిచేది.

ఆయన 1976 మే 6న కన్నుమూశారు. అంతకు ఎనిమిది రోజుల ముందే ఏడీఎం జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధితుడు తన స్వేచ్ఛ కోసం కోర్టు తలుపు తట్టలేడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యం చేతిలో అంత అధికారం పెట్టకూడదని ఆయన ఇరవై ఏళ్లు రాస్తూ వచ్చారు.

సుబ్బారావును చదవాలనుకునే తెలుగు న్యాయవిద్యార్థులకు ఒక విన్నపం. గోలక్‌నాథ్‌తో మొదలుపెట్టవద్దు. ముందు ఖరక్ సింగ్ కేసులో ఆయన రాసిన కొద్ది పేజీలు చదవండి, తర్వాత దేవదాసన్ చదవండి. ఆ రెండూ అయ్యాక గోలక్‌నాథ్ తెరవండి.